ప్రోనోటు మురిగిపోకుండా ఆపేవి రెండే: ఆయన సంతకం, మీ దావా

ప్రశ్న: తెలిసినాయనకు 2022 ఆగస్టు 17న ప్రోనోటు మీద 5 లక్షలు ఇచ్చాను, నూటికి రూపాయిన్నర వడ్డీ. నోటు మీద ఆయన, ఆయన తమ్ముడు ఇద్దరూ సంతకాలు పెట్టారు. 2023 నవంబరు దాకా వడ్డీ నగదుగా చేతికిచ్చారు. 2024 జనవరిలో ఒకసారి 20 వేలు ఫోన్‌పే చేశారు. ఆ తర్వాత పైసా రాలేదు. ఈ మే 11న అడగడానికి వెళ్తే మాటామాటా పెరిగి చెంప మీద కొట్టారు, చంపేస్తానన్నారు. స్టేషన్‌లో అర్జీ ఇస్తే సివిల్ విషయం పొమ్మన్నారు. జూన్‌లో పెద్దమనుషులు కూర్చోబెడితే జూన్ 16 తేదీతో 2 లక్షలకు చెక్కు ఇచ్చారు. ఖాతాలో డబ్బు లేదని అది తిరిగొచ్చింది, బ్యాంకు మెమో జూన్ 23న నా చేతికందింది. లాయరు నోటీసు పంపిస్తే మళ్లీ మూడేళ్లు కొత్తగా వస్తాయని ఒకరు, కరోనా కాలం కూడా కలుస్తుందని ఇంకొకరు అంటున్నారు. నిజమేనా? ఏ కేసుకు ఎంత గడువుంది?
– ఒక పాఠకుడు, 2025 జూన్ 28

సమాధానం: ముందు మీ క్యాలెండరులో 2025 ఆగస్టు 17 చుట్టూ ఎర్రసిరాతో గీయండి. ఆ తేదీ దాటితే మీ నోటు మురిగిపోతుంది. మీకు చెప్పినవాళ్లు మీ మేలు కోరే చెప్పి ఉండొచ్చు గానీ, రెండు మాటలూ తప్పే. వాటిని నమ్మి ఆగితే 5 లక్షలు పోతాయి.

నోటు సంగతి చూద్దాం. కాలపరిమితి చట్టం, 1963 ప్రకారం కోరినప్పుడు చెల్లించాల్సిన ప్రోనోటు మీద దావాకు గడువు 3 ఏళ్లు. ‘కోరినప్పుడు చెల్లించగలవాడను’ అని నోటులో ఉంటుంది కదా, మనం అడిగిన రోజు నుంచి లెక్క మొదలవుతుందని చాలామంది అనుకుంటారు. అలా కాదు. మీరు అడిగినా అడగకపోయినా నోటు రాసిన తేదీ నుంచే గడువు నడుస్తుంది. నోటులో ఫలానా తేదీకి చెల్లిస్తానని రాసి ఉంటేనే ఆ తేదీ నుంచి లెక్క. మీ నోటులో అలాంటి తేదీ ఉందేమో ఒకసారి చూసుకోండి. లేకపోతే రాసిన రోజును వదిలేసి లెక్కపెట్టాలి, అప్పుడు గడువు 2025 ఆగస్టు 17తో ముగుస్తుంది. ఆ రోజు ఆదివారం. ఆఖరి రోజున కోర్టు మూసి ఉంటే, తెరిచిన మొదటి రోజున దావా వేయవచ్చని చట్టంలో వెసులుబాటు ఉంది, కాబట్టి సోమవారం 18న వేసినా చెల్లుతుంది. అయినా దాని మీద ఆధారపడకండి. ఎందుకో తర్వాత చెప్తాను.

లాయరు నోటీసు పంపితే గడువు పెరగదు. మీరు పది నోటీసులు పంపినా, పెద్దమనుషుల ముందు ఇరవైసార్లు కూర్చున్నా, స్టేషన్ చుట్టూ తిరిగినా ఆ 3 ఏళ్లు నడుస్తూనే ఉంటాయి. అప్పిచ్చినవాడు ఏం చేశాడన్నది చట్టానికి పట్టదు, ఒక్క దావా వేయడం తప్ప. గడువు కొత్తగా మొదలవ్వాలంటే అప్పు తీసుకున్నవాడే ఒక పని చేయాలి: బాకీ ఉందని రాసి సంతకం పెట్టాలి, లేదా కొంత చెల్లించి ఆ చెల్లు తన చేతిరాతతో రాయాలి, లేదా ఆ రాత కింద సంతకం చేయాలి. అదీ గడువు ముగిసేలోపే జరగాలి. మొదటిది చట్టంలో 18వ సెక్షన్, రెండోది 19వ సెక్షన్.

మీకు జరిగిన నష్టం ఇక్కడే ఉంది. 2023 నవంబరు దాకా ఆయన వడ్డీ ఇస్తూనే వచ్చారు. ఇచ్చిన ప్రతిసారీ నోటు వెనక చెల్లు రాయించుకుని ఉంటే, ఆ చివరి చెల్లు తేదీ నుంచి మళ్లీ 3 ఏళ్లు, అంటే 2026 నవంబరు దాకా గడువు ఉండేది. నగదు చేతులు మారింది గానీ రాత లేదు. రాత లేని చెల్లింపు బాకీని తగ్గిస్తుందే తప్ప గడువును పెంచదు. ఫోన్‌పే సంగతి కొంచెం వేరు. బ్యాంకు రికార్డు ఉంది కాబట్టి చెల్లింపు జరిగిందని చూపించవచ్చు. కానీ అది ఆయన సంతకం చేసిన రాత అవుతుందా అన్నది కోర్టులో వాదనకు నిలబడాల్సిన విషయం. చెక్కు మీద సంతకం ఉంది కాబట్టి అది బాకీని ఒప్పుకున్నట్టేనని కూడా వాదించవచ్చు. వాట్సాప్ మెసేజ్‌లుంటే వాటినీ చూపించవచ్చు, భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేయాలి. ఇవన్నీ గడువు దాటిపోయినవాడు చివరి ఆశగా పట్టుకునే వాదనలు. మీకింకా టైముంది, వాటి అవసరం మీకు రాకూడదు.

ఇప్పుడు కూడా ఆయన దారికొస్తే దావా లేకుండానే గడువు తెచ్చుకోవచ్చు. పదివేలో ఇరవైవేలో ఇస్తానంటే తీసుకోండి, కానీ నోటు వెనక ఇలా రాయించండి: ‘ఈ నోటు తాలూకు బాకీలో వడ్డీ కింద 2025 జూలై 12వ తేదీన రూ. 10,000, అక్షరాల పదివేల రూపాయలు, చెల్లించి ఈ చెల్లు నా స్వహస్తంతో రాసి సంతకం చేశాను.’ చెల్లు వేసిన తేదీ నుంచి కొత్తగా 3 ఏళ్లు. తేదీ తప్పకుండా ఆయన చేతే వేయించండి, ఇద్దరు సాక్షుల సంతకాలు కూడా తీసుకోండి. చెల్లు రాయించడమంటే తిప్పలు పడటమేనని బద్ధకించవద్దు. నోటు కేసుల్లో ప్రతివాదులు ఎక్కువగా ఎత్తుకునే వాదన ‘నోటు మీద సంతకం నాదే, వెనక చెల్లు మీద సంతకం నాది కాదు’ అన్నదే. అప్పుడు నోటు చేతిరాత నిపుణుడి దగ్గరికి వెళ్తుంది. గడువు దాటాక పాత తేదీతో చెల్లు సృష్టిద్దామని ఎవరైనా సలహా ఇస్తే వాళ్లను దూరం పెట్టండి. అది తేలిన రోజున దావా పోవడమే కాదు, ఫోర్జరీ కేసులో మీరే ముద్దాయి అవుతారు.

ఇంకో మెలిక ఉంది. నోటు మీద ఇద్దరి సంతకాలున్నాయి. అన్న ఒక్కడే చెల్లు వేస్తే గడువు అన్న మీదే పెరుగుతుంది. తమ్ముడు తరఫున సంతకం చేసే అధికారం అన్నకు లేకపోతే, తమ్ముడి మీద మీ హక్కు ఆగస్టు 17తోనే ఆగిపోతుంది. ఆస్తి తమ్ముడి పేరు మీదే ఉంటే మీకు మిగిలేది కాగితమే. అందుకని ఇద్దరి సంతకాలూ పడాలి. దానికంటే మంచిది, అసలూ వడ్డీ లెక్కగట్టి ఇద్దరిచేతా కొత్త నోటు తిరగరాయించుకోవడం. రెవిన్యూ స్టాంపు అంటించి దాని మీదుగా సంతకాలు తీసుకోండి. సరైన స్టాంపు లేని ప్రోనోటును కోర్టు సాక్ష్యంగా తీసుకోదు, తర్వాత జరిమానా కట్టినా ఆ లోపం సరికాదు. పాత నోటు మీద ‘తిరగరాయడమైనది’ అని రాసి, దాని జిరాక్సు మీ దగ్గర ఉంచుకోండి.

నోటీసు దండగ అని నేను అనడం లేదు. మీ నోటీసు గడువు తేదు గానీ, దానికి ఆయన ఇచ్చే జవాబు తేవచ్చు. ‘బాకీ ఉన్న మాట నిజమే, పంట చేతికొచ్చాక ఇస్తాను’ అని ఆయనో, ఆయన అధికారమిచ్చిన లాయరో సంతకం చేసి రాస్తే అది బాకీని ఒప్పుకున్నట్టే. చట్టం ఇంకా ఉదారంగా ఉంది: మొత్తం ఎంతో రాయకపోయినా, ఇప్పుడు ఇవ్వనని రాసినా, అసలు మీకు కాకుండా ఇంకొకరికి రాసినా సరే, బాకీ ఉన్నట్టు ఒప్పుకుంటే చాలు. పెద్దమనుషుల ముందు చెక్కు ఇచ్చినప్పుడు ఏదైనా ఒప్పంద కాగితం రాసి ఆయన సంతకం పెట్టారా? పెడితే ఆ కాగితం మీకు బంగారంతో సమానం. ఇవాళే వెళ్లి దాని ఒరిజినల్ తెచ్చుకోండి.

కరోనా మాట కూడా మీకు వర్తించదు. 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 దాకా ఉన్న కాలాన్ని గడువు లెక్కలోంచి తీసేయాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. మీ నోటు ఆ తర్వాత ఆగస్టులో రాసింది.

దావా వేయడమే ఖాయమైతే ఆఖరి వారం దాకా ఎందుకు ఆగకూడదో చెప్తాను. ఒరిజినల్ నోటు, సాక్షులు, రాసినవారి వివరాలు, వడ్డీ లెక్క, ప్రతివాదుల సరైన చిరునామాలు, కోర్టు ఫీజు డబ్బు, ఇవన్నీ సమకూరాలి. ప్రతివాది నివాసముండే చోటో, నోటు రాసిన చోటో ఉన్న కోర్టులో వేయాలి. ప్లెయింటులో, అంటే దావా పత్రంలో, ఏదో లోపముందని కోర్టు ఆఫీసు వెనక్కిస్తుంది, సరిచేసి మళ్లీ ఇవ్వాలి. తప్పు కోర్టులో వేస్తే అక్కడ గడిచిన కాలాన్ని మినహాయించమని కాలపరిమితి చట్టం 14వ సెక్షన్ కింద అడగవచ్చు గానీ, మీరు చిత్తశుద్ధితో, తగిన శ్రద్ధతోనే అక్కడ వేశారని రుజువు చేసుకోవాలి. చెల్లు వల్లో ఒప్పుకోలు వల్లో గడువు వచ్చిందని మీరు చెప్పదలిస్తే ఆ సంగతి ప్లెయింటులోనే రాయాలి. జూలై ఆఖరుకల్లా దావా నంబరు పడేలా చూసుకోండి. ఒక్కరోజు ఆలస్యమైనా దావాలో క్షమించే అధికారం జడ్జికి లేదు. ‘ఆస్పత్రిలో ఉన్నాను, సర్టిఫికెట్ ఇదిగో’ అన్నా లాభం లేదు. ఆలస్యాన్ని మన్నించమని అడిగే 5వ సెక్షన్ అప్పీళ్లకు, దరఖాస్తులకు వర్తిస్తుంది, దావాలకు కాదు. ఎదుటివాడు గడువు మాట ఎత్తకపోయినా కోర్టే చూసి కొట్టేయాలని 3వ సెక్షన్ చెప్తుంది. దావా గెలిచి డిక్రీ చేతికొచ్చాక మాత్రం ఊపిరి పీల్చుకోవచ్చు, డబ్బు డిక్రీని అమలు పరచుకోవడానికి 12 ఏళ్లుంటాయి.

ఇక చెక్కు. దీనికి వేరే గడియారం, మూడు మెట్లు. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కేసు వేయాలంటే, చెక్కు తిరిగొచ్చిన సంగతి బ్యాంకు మీకు తెలిపిన రోజు నుంచి 30 రోజుల్లో రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. మెమో అందిన జూన్ 23ను వదిలేస్తే 30వ రోజు జూలై 23. నోటీసు అందాక డబ్బు కట్టడానికి ఆయనకు 15 రోజులు. ఆ 15 రోజులూ గడిచాక నెలలోపు మేజిస్ట్రేటు కోర్టులో ఫిర్యాదు. ఉదాహరణకు నోటీసు జూలై 5న ఆయనకు అందిందనుకుందాం. జూలై 20 దాకా ఆయన గడువు. మీ ఫిర్యాదు జూలై 21 కంటే ముందు వేయకూడదు, ఆగస్టు 20 లోపు వేసేయాలి. తొందరపడి 15 రోజులు నిండకుండానే వేస్తే ఆ ఫిర్యాదు చెల్లదు. ఆలస్యంగా వేస్తే తగిన కారణం చూపి మన్నింపు అడగవచ్చు. కానీ మొదటి మెట్టు అయిన 30 రోజుల నోటీసు తప్పితే మన్నింపు లేదు. అప్పుడు మిగిలే దారి, చెక్కు తేదీ నుంచి 3 నెలలు దాటకపోతే దాన్ని మళ్లీ బ్యాంకులో వేసి, మళ్లీ తిరిగొస్తే కొత్తగా నోటీసివ్వడం. మీ చెక్కు సెప్టెంబరు నెల మధ్య దాకా ఆ పనికొస్తుంది.

నోటీసు రాతలో జాగ్రత్త అవసరం. చెక్కు మొత్తం 2 లక్షలను స్పష్టంగా, విడిగా అడగాలి. మొత్తం 5 లక్షలూ వడ్డీతో కలిపి ఒక్కటే అంకె వేసి ‘ఇది కట్టు’ అని రాసిన నోటీసుల మీద కేసులు వీగిపోయాయి. నోటు బాకీ కూడా అందులో రాయాలనుకుంటే వేరే పేరాలో రాసి, చెక్కు తాలూకు డిమాండును వేరుగా ఉంచండి. స్పీడ్ పోస్టులో పంపండి. రసీదు, ట్రాకింగ్ ప్రింటు, వాపసొస్తే విప్పని కవరు, అన్నీ భద్రం చేయండి. మీ ఖాతా ఉన్న బ్యాంకు శాఖ పరిధిలోని కోర్టులోనే ఈ ఫిర్యాదు వేయాలి.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి: చెక్కు కేసు వేసినంత మాత్రాన నోటు గడువు ఆగదు. చెక్కు కేసు నడుస్తోంది కదా, తేలాక చూద్దాం అనుకుని నోటును బీరువాలో పెట్టేసినవాళ్లు బోలెడుమంది ఉన్నారు. మూడునాలుగేళ్ల తర్వాత ఆ కేసు ఏదో సాంకేతిక కారణంతో పోతే, అప్పటికి నోటు మురిగిపోయి ఉంటుంది. రెండూ విడివిడిగా వేయాలి, రెండూ పక్కపక్కన నడవొచ్చు.

కొట్టిన కేసు, బెదిరింపు కేసు వేరే లెక్క. క్రిమినల్ నేరాల్లో గడువును నేరానికున్న గరిష్ఠ శిక్షను బట్టి కడతారు. భారతీయ నాగరిక సురక్షా సంహిత 514వ సెక్షన్ ప్రకారం జరిమానా ఒక్కటే శిక్షగా ఉన్న నేరానికి 6 నెలలు, ఏడాది దాకా జైలు పడేదానికి ఏడాది, ఏడాది దాటి 3 ఏళ్ల దాకా పడేదానికి 3 ఏళ్లు. అంతకంటే పెద్ద నేరాలకు గడువే లేదు. చెంపదెబ్బ, నేరాలకు శిక్షలు చెప్పే భారతీయ న్యాయ సంహితలోని 115(2) కిందికొస్తే గరిష్ఠ శిక్ష ఏడాది, కాబట్టి 2026 మే 11 లోపు కదలాలి. చంపుతానన్న బెదిరింపును 351(2) కింద చూసినా శిక్ష 2 ఏళ్ల దాకా ఉంది, అంటే దానికి 3 ఏళ్లు. రెండు నేరాలనూ కలిపి విచారించదగ్గప్పుడు పెద్ద శిక్ష ఉన్న నేరం గడువే లెక్కలోకొస్తుంది. అయినా ఏడాది లోపే వేయడం క్షేమం.

ఇందులో మీకు పనికొచ్చే సంగతి ఒకటుంది. గడువు లెక్కకు ఆధారం మేజిస్ట్రేటుకు ఫిర్యాదు వేసిన రోజు, లేదా స్టేషన్‌లో సమాచారం నమోదైన రోజు. కేసు ఏళ్ల తర్వాత విచారణకొచ్చినా ఫర్వాలేదు. కానీ మీరిచ్చిన అర్జీ నమోదు కాలేదు, ఎవరో తీసుకుని బల్ల మీద పెట్టారు. అది గడువును కాపాడదు. అర్జీ ప్రతి మీద స్టేషన్ ముద్ర, తేదీ తీసుకోండి, నమోదు కాకపోతే జిల్లా ఎస్పీకి పోస్టులో పంపండి. అక్కడా కదలకపోతే సాక్షుల పేర్లతో మేజిస్ట్రేటు దగ్గర నాగరిక సురక్షా సంహిత 223వ సెక్షన్ కింద ప్రైవేటు ఫిర్యాదు వేయండి. క్రిమినల్ గడువు దాటినా, ఆలస్యానికి సరైన వివరణ ఉంటేనో న్యాయం కోసం అవసరమైతేనో మన్నించే అధికారం అదే సంహిత 519వ సెక్షన్ కింద కోర్టుకుంది. సివిల్ దావాకు లేని వెసులుబాటు ఇది.

మోసం కేసు పెట్టమని కూడా మీకు ఎవరో చెప్పే ఉంటారు. అప్పు 2022లో ఇచ్చారు కాబట్టి పాత శిక్షాస్మృతి 420వ సెక్షన్ వర్తించాలి, దానికి 7 ఏళ్ల దాకా శిక్ష, గడువు లేదు. కానీ తీసుకున్న రోజునే ఎగ్గొట్టే ఉద్దేశం ఉందని చూపాలి. 15 నెలలు వడ్డీ కట్టిన మనిషి విషయంలో అది నిలబడటం కష్టం. పోలీసులు ఆ మేరకు చెప్పింది నిజమే. కొట్టిన సంగతికి మాత్రం ‘సివిల్ విషయం’ అనే మాట వర్తించదు.

ఒకవేళ ఏ కారణంగానో ఆగస్టు దాటిపోతే? బాకీ చచ్చిపోదు, దాన్ని కోర్టు ద్వారా రాబట్టే దారి మూసుకుపోతుంది. ఆయన ఇష్టపూర్వకంగా ఇస్తే తీసుకోవచ్చు, ఇచ్చింది మళ్లీ అడగడానికి ఆయనకు హక్కు లేదు. గడువు ముగిశాక వేయించుకున్న చెల్లు, ‘బాకీ ఉన్నాను’ అనే ఒప్పుకోలు మాత్రం పనిచేయవు. అప్పుడు కావలసింది వేరు: ‘మురిగిపోయిన ఆ బాకీ ఇంత ఉంది, దాన్ని చెల్లిస్తాను’ అని రాతలో, సంతకంతో కొత్త వాగ్దానం. కాంట్రాక్టు చట్టం 25(3) కింద అది చెల్లుతుంది, కొత్త నోటు రాసినా సరిపోతుంది. కానీ గడువు పోయిందని తెలిసిన మనిషి అలా రాసివ్వడం అరుదు.

ఇదే రకం పొరపాటు చేసే మరికొందరి కోసం రెండు మాటలు. స్థలం అగ్రిమెంటు రాయించుకుని రిజిస్ట్రేషన్ చేయించుకోనివారికి కూడా 3 ఏళ్లే: అగ్రిమెంటులో తేదీ ఉంటే ఆ తేదీ నుంచి, లేకపోతే అవతలివారు రిజిస్ట్రేషన్ చేయడానికి నిరాకరించినట్టు తెలిసిన రోజు నుంచి. పరువు నష్టానికి పరిహారం కోరే దావాకు ఏడాదే గడువు, అదే మాటల మీద క్రిమినల్ కేసుకు 3 ఏళ్లు. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడానికి 2 ఏళ్లు.

మీరు ఈ వారంలో చేయాల్సింది: సోమవారం లాయరును కలిసి చెక్కు నోటీసు పోస్టు చేయించండి. అదే రోజు ఒరిజినల్ నోటు, బ్యాంకు స్టేట్‌మెంటు ఆయన చేతికిచ్చి దావా తయారీ మొదలుపెట్టించండి, నోటు ఇచ్చినట్టు రసీదు తీసుకోండి. ఈలోపు ఎదుటివాళ్లు రాజీకొస్తే సంతోషం. మాటతో వస్తే దావా ఆపకండి, అన్నదమ్ములిద్దరి సంతకాలతో వస్తే అప్పుడు ఆపండి.